చందుపట్ల శాసనంలో అంబదేవుడు లేడు: ఒక డిగ్రీ తరగతి చదవడం నేర్చుకున్న తీరు

రుద్రమదేవి మీద వ్యాసం రాయమంటే మా డిగ్రీ పిల్లలు దాదాపు అందరూ ఒక వాక్యం తప్పకుండా రాస్తారు: "చందుపట్ల శాసనం ప్రకారం 1289లో అంబదేవునితో జరిగిన యుద్ధంలో రుద్రమదేవి మరణించెను." దానికి మార్కులు పడతాయి. గైడ్‌లో అలాగే ఉంటుంది, పోటీ పరీక్షల బిట్లలో అలాగే ఉంటుంది, కోచింగ్ నోట్స్‌లోనూ అంతే. కానీ ఆ శాసనంలో అంబదేవుడి పేరే లేదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఉన్న ఆ రాయి చెప్పేది చాలా తక్కువ. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివుణ్ణి చేరుకున్నారని, వాళ్లకు పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే భృత్యుడు భూమి దానం చేశాడని, అది 1289 నవంబర్ నాటి సంగతని. అంతే. వాళ్లు ఎలా చనిపోయారో, ఎవరి చేతిలో చనిపోయారో చెప్పదు.

మరి అంబదేవుడు ఎక్కడి నుంచి వచ్చాడు? చరిత్రకారులు తెచ్చారు. ఊరికే తేలేదు, గట్టి కారణంతోనే తెచ్చారు. ఆ కారణమేమిటో తెలుసుకోవడమే చరిత్ర చదవడం. మా పిల్లలకు ఆ కారణం ఎవరూ చూపించలేదు. తీర్పు మాత్రం చేతికిచ్చి బట్టీ పట్టమన్నారు.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. బి.ఏ. రెండో సంవత్సరం పిల్లలతో ఒక సెమిస్టర్ పాటు కాకతీయుల యూనిట్‌ను గైడ్ పక్కన పెట్టి, అసలు మూలాలు ముందు పెట్టుకుని చదివించాం. ఏం చేశాం, ఏది పని చేసింది, ఏది ఇంకా మిగిలిపోయింది అన్నది తోటి అధ్యాపకుల కోసం రాస్తున్నాను. ఈ పని చెయ్యడానికి ప్రాజెక్టు నిధులు అక్కర్లేదు, స్మార్ట్ బోర్డు అక్కర్లేదు. జిరాక్స్ ఖర్చు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

తరగతి గురించి

పరకాల, నర్సంపేట, ములుగు, వర్ధన్నపేట, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలు ఎక్కువ. పత్తి, మిర్చి, వరి పండించే ఇళ్లు. సగం మంది హాస్టళ్లలో ఉంటారు, మిగతావాళ్లు పొద్దున్నే బస్సెక్కి వస్తారు. చాలామంది ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి వీళ్లే. కాగితం మీద కొందరిది ఇంగ్లీషు మీడియం, మాట్లాడేదీ ఆలోచించేదీ తెలుగులో. సాయంత్రం కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో కోచింగ్. శని, ఆదివారాలు బట్టల షాపులోనో మెడికల్ షాపులోనో పని చేసేవాళ్లూ ఉన్నారు.

వీళ్లకు చదవడం రాదని స్టాఫ్ రూంలో తరచూ వింటాం. నేను ఒప్పుకోను. పదో తరగతిలో ప్రశ్న-జవాబు, ఇంటర్‌లో ఇంపార్టెంట్ క్వశ్చన్స్, డిగ్రీలో జిరాక్స్ సెంటర్ నుంచి తెచ్చుకున్న షార్ట్ మెటీరియల్. ఇన్నేళ్లూ ఏ అలవాటుకు మార్కులొచ్చాయో ఆ అలవాటునే వాళ్లు పట్టుకున్నారు. అచ్చులో కనిపించిందంటే గుర్తు పెట్టుకోవాల్సింది. అది ఎవరిదో ఒకరి మాట, ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కోసమో రాసింది అన్న ఆలోచన రావడానికి వాళ్లకు సందర్భమే దొరకలేదు.

1991లో అమెరికాలో సామ్ వైన్‌బర్గ్ అనే విద్యా పరిశోధకుడు చరిత్రకారులకూ హైస్కూలు పిల్లలకూ ఒకే పత్రాలు ఇచ్చి ఎలా చదువుతారో గమనించాడు. చరిత్రకారులు చదవడానికి ముందే ఇది రాసిందెవరు, ఎప్పుడు అని చూశారు. పిల్లలు నేరుగా మొదటి వాక్యంలోకి దిగారు. చదువులో చురుకైన పిల్లలే, అయినా కాగితం వెనక మనిషి ఉన్నాడని వాళ్లకు తట్టలేదు. మా తరగతిలో నేను రోజూ చూసేదీ ఇదే.

మొదటి కాగితం: పత్తి మందు కరపత్రం

శాసనాలతో మొదలుపెట్టలేదు. దానికి కారణం ఉంది. పరిశీలించి చదవడం వీళ్లకు కొత్త విద్య అని నేను అనుకోను. ఇంట్లో అది రోజూ జరుగుతుంది, కాలేజీ గేటు దాటాక ఆగిపోతుంది. ఆ రెంటినీ కలపాలి.

అందుకే మొదటి క్లాసుకు ఊళ్లలో పంచే పత్తి మందుల కరపత్రాలు ఏవైనా పట్టుకు రమ్మన్నాను. ఒక్కోదాంట్లో పచ్చటి చేను, నవ్వుతున్న రైతు, ఎకరాకు ఇన్ని క్వింటాళ్లు అని పెద్ద అక్షరాలు. దీన్ని నమ్ముతారా, నమ్మరా అని నేను అడగలేదు. "మీ నాయన దీన్ని చూస్తే దుకాణంల ఏం అడుగుతడు?" అని మాత్రం అడిగాను.

ప్రశ్నలు ఆగలేదు. "ఏ ఊరు రైతు మేడం? పేరు లేదు." "నల్లరేగడా, చెల్కనా?" "బోరున్న భూమా, వాన మీదనా?" "ఎన్నిసార్లు మందు కొట్టిండు? ఆ ఖర్చు రాయలే." "ఇది ఒక్క మందుతోనే వచ్చిన దిగుబడా, ఎరువు గూడ మార్చిండా?" వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి ఒకడు లేచి, పక్క చేను ఎంత పండిందో చెప్పకపోతే ఇది ఎక్కువో తక్కువో ఎట్ల తెలుస్తదన్నాడు. పోలిక లేకుండా ఫలితం చెప్పకూడదన్నది పరిశోధనా పద్ధతిలో మొదటి పాఠం. ఆ అబ్బాయి దాన్ని చేనుగట్టు మీద నేర్చుకున్నాడు.

అదే రోజు మందు డబ్బా మీది లేబుల్ కూడా చదివాం. మన దేశంలో పురుగుమందు డబ్బా మీద కోణం పైకి ఉండేలా తిప్పిన చతురస్రం గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో ఎరుపుంటే అత్యంత విషం, తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే ప్రమాదం లేదని చాలామంది అనుకుంటున్నారు. అక్కడ ఆకుపచ్చకు అర్థం మిగతావాటి కన్నా తక్కువ విషమని, విషం కాదని కాదు. కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉన్నది అమ్మేవాడు చెప్పాలనుకున్నది, లేబుల్ మీద ఉన్నది చట్టం చెప్పించినది. ఒకే సరుకు మీద రెండు రకాల రాత. ఎవరు ఎందుకు రాశారన్న ప్రశ్న ఎందుకు ముందు రావాలో ఆ తర్వాత నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండో క్లాసులో వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్. "ఆసియాలోనే అతిపెద్దది" అని కొన్నిచోట్ల, "ఆసియాలో రెండో అతిపెద్దది" అని కొన్నిచోట్ల చదువుతాం. పిల్లలందరికీ తెలిసిన మార్కెట్, చాలామంది మిర్చి బస్తాలతో లారీ మీద వచ్చినవాళ్లే. ఈ వాక్యంలో ఏం లేదో చూడమన్నాను. అతిపెద్దది దేంట్లో? జాగాలోనా, వచ్చే సరుకులోనా, జరిగే వ్యాపారంలోనా? ఏ సంవత్సరం లెక్క? లెక్కపెట్టిందెవరు? ఒక అమ్మాయికి కోపమొచ్చింది, మన మార్కెట్‌ను తక్కువ చేస్తున్నామా అని. తక్కువ చెయ్యడం లేదమ్మా, ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే నువ్వు నిలబడి జవాబు చెప్పగలగాలి అన్నాను. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లకే ఆధారం ఎక్కువ అవసరమని నా నమ్మకం.

రాయి మీద ఏముంది, మనం ఏం కలిపాం

అసలు పని ఇక్కడ మొదలైంది. ఈ భాగానికే ఎక్కువ సమయం ఇచ్చాను, ఇక్కడే ఎక్కువ రాస్తాను.

చందుపట్ల శాసనం సారాంశాన్ని తేలిక తెలుగులో ఒక పేజీకి తక్కువగా రాసి, వాక్యాలకు నంబర్లు వేసి, ఇద్దరికొక కాగితం ఇచ్చాను. నియమం ఒకటే. కాగితంలో ఉన్న విషయాన్ని పెన్నుతో రాయాలి, దాని పక్కన ఎన్నో నంబర్ వాక్యంలో ఉందో వెయ్యాలి. తమకు ముందే తెలిసినది గానీ, ఊహించినది గానీ రాయాలనిపిస్తే పెన్సిల్‌తో రాయాలి.

చాలామంది అలవాటుగా "అంబదేవుడు" అని పెన్నుతో రాశారు. నంబర్ వెయ్యడానికి వెతికారు. దొరకలేదు. పక్కవాళ్ల కాగితంలో చూశారు, అందులోనూ లేదు. ఒకమ్మాయి, "మేడం, జిరాక్స్‌ల లైను పోయిందా?" అని అడిగింది. లైను పోలేదు, అక్కడ అంతే ఉంది అన్నాను. తరగతిలో కలకలం. పెన్నుతో రాసినవి కొట్టేసి పెన్సిల్ తీశారు. అంబదేవుడు, యుద్ధం, కత్తి, గుర్రం అన్నీ పెన్సిల్‌లోకి వెళ్లాయి. పెన్నులో మిగిలినవి రెండు పేర్లు, ఒక దాత, ఒక దానం, ఒక తేదీ.

ఒకబ్బాయి ఒక వీడియోలో విన్నాడట, ఎనభై ఏళ్ల వయసులో రుద్రమ యుద్ధానికి వెళ్లిందని. వయసు ఈ కాగితంలో ఉందా? లేదు. తర్వాతి వారాల్లో చదివిన కాగితాల్లోనూ కనిపించలేదు. ఆ అబ్బాయి సెమిస్టర్ అంతా ప్రతి కాగితంలో ముందు వయసు కోసమే వెతికేవాడు.

"మరి గైడ్ తప్పా మేడం?" అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా రెండో కాగితం ఇచ్చాను. 1290 నాటి త్రిపురాంతకం శాసనం. ఇది అంబదేవుడిదే. కాయస్థ వంశానికి చెందిన ఈ నాయకుడు కాకతీయుల కింద ఉండి, తర్వాత స్వతంత్రుడినని నిలబడ్డాడు. శాసనంలో తన విజయాలు వరసగా చెప్పుకుంటాడు. వాటిలో ఒకటి, మల్లికార్జునుణ్ణి ఓడించి అతని సప్తాంగాలను హరించానని. సప్తాంగాలంటే రాజనీతిలో రాజ్యానికి చెప్పే ఏడు అంగాలు: రాజు, మంత్రి, జనపదం, కోట, కోశం, సైన్యం, మిత్రుడు. వాటిలో మొదటిది రాజు.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవమన్నాను. మెల్లగా ముడులు పడటం మొదలైంది. మల్లికార్జునుడు రుద్రమ సేనాని. చందుపట్లలో ఇద్దరి మరణం కలిపి చెప్పారు. తర్వాతి ఏడాది శాసనంలో అంబదేవుడు మల్లికార్జునుణ్ణి ఓడించానంటున్నాడు, ఏడు అంగాలూ తీశానంటున్నాడు. అయితే ఆ అంగాల్లో రాజు కూడా పోయి ఉండాలి. రాజు అంటే రుద్రమ. కొందరు చరిత్రకారులు నడిచిన దారి ఇదే. బోర్డు మీద ఈ మెట్లు రాస్తుంటే ఒకబ్బాయి, "అంటే ఇది పోలీసు కేసు లెక్క ఉంది మేడం, చూసినోడు ఎవ్వడు లేడు, కానీ అన్ని అటే చూపిస్తున్నయి" అన్నాడు. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న పిల్లవాడు.

అప్పుడు గైడ్ వాక్యం దగ్గరికి తిరిగి వెళ్లాం. గైడ్ చెప్పిన విషయం బలమైన ఊహే. అందులో ఉన్న లోపం వేరు. చరిత్రకారులు రెండు శాసనాలు కలిపి చదివి తీసిన నిర్ణయాన్ని అది ఒక శాసనం నోట్లో పెట్టింది. అలా పెట్టాక ఇక ప్రశ్నించడానికి ఏమీ మిగలదు. రాయే చెప్పింది కదా అనుకుంటాం. సప్తాంగాలు అన్న మాటను అంబదేవుడు గొప్ప కోసం వాడి ఉంటాడా? విజేత తన గురించి తాను చెక్కించుకున్న రాతను ఎంతవరకు తీసుకోవాలి? అంత పెద్ద విజయమైతే రుద్రమ పేరు నేరుగా ఎందుకు చెప్పుకోలేదు? ఈ చివరి ప్రశ్న ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వేసింది. పాఠ్యపుస్తకం రాసేవాళ్లు జవాబివ్వాల్సిన ప్రశ్న అది. ఆ రోజు ఆమెకు నేను చెప్పగలిగింది, ఆ ప్రశ్నను నీ నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాసుకో అని.

వాక్యాన్ని తిరగరాయమన్నాను. చర్చ తర్వాత తరగతి మొత్తం కలిసి ఒప్పుకున్నది ఇది: "1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు మరణించారని తెలుపుతుంది. అంబదేవుని త్రిపురాంతకం శాసనంతో కలిపి చదివి, ఈ మరణం అతనితో జరిగిన యుద్ధంలో సంభవించి ఉంటుందని చరిత్రకారులు భావిస్తున్నారు." ఒక్క వాక్యం రెండైంది. పరీక్షలో దీనికి మార్కులు తగ్గవని చెప్పడం కూడా ముఖ్యమే. పిల్లల టెన్షన్ అక్కడే ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూస్తే వాళ్లు మన వెంట రారు.

అన్నీ అబద్ధాలే అన్న దశ

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. కొన్ని వారాలకు తరగతిలో ఒక గుంపు దేన్నీ నమ్మడం మానేసింది. శాసనాలు రాజులు రాయించుకున్నవి, పుస్తకాలు ఎవరికి నచ్చినట్టు వాళ్లు రాశారు, పేపర్లు అమ్ముడుపోతాయి, కాబట్టి అంతా అబద్ధమే. వినడానికి చురుగ్గా ఉంటుంది. నిజానికి అది చదవకుండా తప్పించుకునే ఇంకో దారి. గైడ్‌ను మొత్తంగా నమ్మినవాడూ, అన్నింటినీ మొత్తంగా కొట్టేసినవాడూ ఇద్దరూ కాగితం చూడటం లేదు. ఆ రెండోవాడి చేతికి ఫోన్‌లో వచ్చే ఫార్వర్డ్ దొరికితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తనకు నచ్చినదే నిజమనుకుంటాడు.

దీనికి మందు వెనిస్ యాత్రికుడు మార్కో పోలో దగ్గర దొరికింది. కాకతీయుల రాజ్యాన్ని అతను వాళ్ల రేవు మోటుపల్లి పేరుతోనే చెప్పాడు, ఆ భాగం చాలా చిన్నది. దాన్ని తెలుగులో రాసిచ్చాను. రాజు చనిపోయి నలభై ఏళ్లయిందని, అప్పటినుంచి రాణి పాలిస్తోందని, భర్త మీద ప్రేమతో ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదని, న్యాయంగా పాలిస్తుందని అందులో ఉంది. సాలెగూడంత సన్నటి బట్టలు నేస్తారని ఉంది. పాములు నిండిన లోయల్లో వజ్రాలు ఉంటాయని, మనుషులు దిగలేక మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటిని ఎత్తుకొస్తాయని, మాంసానికి అంటుకున్న వజ్రాలను అలా పట్టుకుంటారని కూడా ఉంది.

గద్దల కథ చదవగానే మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా నవ్వులు. "చూసిన్రా మేడం, అంతా అబద్ధమే!" సరే, వాక్యం వాక్యంగా చూద్దాం అన్నాను.

రాసిందెవరు? 1298లో జెనోవా జైలులో మార్కో పోలో చెబుతుంటే పీసాకు చెందిన రుస్టిచెల్లో రాశాడు. రుస్టిచెల్లో వీరగాథలు రాసే రచయిత. చూసిన చాలా ఏళ్లకు, జ్ఞాపకం మీద చెప్పినది. గద్దలు, వజ్రాల కథ అంతకు ముందే అరబ్బు ప్రపంచంలో తిరుగుతున్న కథ, కాబట్టి విన్నది చెప్పి ఉంటాడు. రాణి సంగతి? రుద్రమకు ముందు పాలించిన గణపతిదేవుడు ఆమెకు తండ్రి, భర్త కాదు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడు. నలభై ఏళ్ల లెక్క కూడా నిలవదు, ఆమె పాలన 1262 ప్రాంతంలో మొదలైంది. పైగా మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణం కట్టింది 1290ల మొదట్లో. చందుపట్ల శాసనం ప్రకారం అప్పటికి ఆమె లేదు. పెన్నుతో నంబర్లు వేసుకున్న పిల్లలు ఈ తేదీల తేడాను నేను చెప్పకముందే పట్టుకున్నారు.

అయితే ఒక మహిళ ఆ రాజ్యాన్ని పాలించిందన్నది? అది శాసనాలతో కలుస్తుంది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. రేవు, వ్యాపారం, బట్టలు? ఇక్కడ 1244 ప్రాంతపు మోటుపల్లి అభయ శాసనం ఇచ్చాను. గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు ఇచ్చిన హామీ అది. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాగేసుకునేవారు, తాను అలా చెయ్యనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని అందులో ఉంది. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు, పోకచెక్కలు అంటూ సుంకాల పట్టీ ఉంది. రేవు నిజం, వ్యాపారం నిజం. గద్దల కథ చెప్పిన నోటితోనే మార్కో పోలో ఇదీ చెప్పాడు.

ఒకే పేజీలో కొన్ని వాక్యాలు గట్టిగా నిలబడతాయి, కొన్ని సగం నిలబడతాయి, కొన్ని పడిపోతాయి. మనం నమ్మకాన్ని మనిషి మొత్తానికి ఇవ్వం, పుస్తకం మొత్తానికి ఇవ్వం, వాక్యానికి ఇస్తాం, ఆధారం ఉన్నంత మేరకే ఇస్తాం. నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఇదే. అంతా అబద్ధమే అన్న గుంపు ఆ తర్వాత మెల్లగా మెత్తబడింది, ఎందుకంటే అబద్ధం అనాలన్నా ఏ వాక్యమో నంబర్ చెప్పాలి.

నర్సంపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ రోజు అన్న మాట ఇక్కడ రాయాలి. మార్కో పోలో ఆమెను ఎందుకు రాజు భార్యను చేశాడు అని అడిగితే, "బిడ్డ రాజ్యమేలుతదని ఆయనకు అనిపించలే మేడం. మొగడు పోతెనే ఆడామె గద్దెక్కుతదని అనుకున్నడు" అంది. తరగతిలో అమ్మాయిలంతా చప్పట్లు కొట్టారు. మంచి ఊహ, నాకూ అలాగే అనిపిస్తుంది, పెన్సిల్‌తో రాయమ్మా అన్నాను. ఆమె పెన్సిల్‌తో రాసి, చివర "కావచ్చు" అని చేర్చింది. తనకు ఎంతో నచ్చిన ఆలోచన పక్కన కూడా కావచ్చు అని రాసుకోగలిగిన విద్యార్థిని చూడటం నాకు గొప్ప సంతోషం.

రామప్ప దగ్గర

పాలంపేటకు తీసుకెళ్లింది విహారయాత్రగా కూడా, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ చదవాల్సింది అక్కడ కూడా ఉంది. 2021 జులైలో యునెస్కో ఈ గుడిని కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం పేరుతో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వివరణలో నిర్మాణం 1213లో మొదలై, సుమారు నలభై ఏళ్లు సాగిందని భావిస్తారని ఉంటుంది. గుడి దగ్గరి శాసనం అదే 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడని చెబుతుంది. ప్రతిష్ఠ అయిన ఏడాదే కట్టడం మొదలవుతుందా? పిల్లలు బస్సులో తిరిగి వచ్చేదాకా దీని మీదే వాదించుకున్నారు. గర్భగుడి అయ్యాక ప్రతిష్ఠ చేసి మిగతాది తర్వాత కట్టి ఉంటారని ఒక పక్షం, ప్రతిష్ఠ నాటికే నలభై ఏళ్లు గడిచి ఉంటాయని ఇంకో పక్షం. మా ఊళ్లో గుడి కూడా విగ్రహం పెట్టిన చాలా ఏళ్లకు గోపురం లేచిందని ఒకబ్బాయి సాక్ష్యం చెప్పాడు. రామప్ప అన్నది శిల్పి పేరన్న మాటను ఎక్కడ, ఎవరు మొదట రాశారో వెతకడం ఇద్దరు పిల్లలు ప్రాజెక్టుగా తీసుకున్నారు.

ఏం మారింది, ఏం మారలేదు

సెమిస్టర్ మొదట్లో, చివర్లో ఒకే రకం పని ఇచ్చాను: తెలియని చిన్న భాగం చదివి, అందులో ఏముందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో రాయమని. మొదట్లో వచ్చిన కాగితాలన్నీ సారాంశాలే. చివర్లో వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఎవరు రాశారు, ఎప్పుడు అన్నదానితో మొదలయ్యాయి. "శాసనం ఇంతవరకే చెబుతుంది" అన్న వాక్యం చాలా కాగితాల్లో కనిపించింది. వ్యాసాలు పొట్టివయ్యాయి, ప్రశ్నలు పెరిగాయి. తెలుగులో రాసినవాళ్లలో ఈ మార్పు త్వరగా వచ్చింది. ఇంగ్లీషులో రాయాల్సిన పిల్లలు వాక్యం సరిగ్గా వస్తుందా లేదా అన్న భయంలో ఆలోచనను వదిలేస్తున్నారు. అందుకే చర్చ, మొదటి చిత్తు తెలుగులో చేయించి, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి వెళ్లమన్నాను. మీడియం ఏదైనా ఈ వరుస మార్చకూడదని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను.

తరగతి బయట కూడా కొంత కనిపించింది. ఒక హాస్టల్ అమ్మాయి వాళ్ల ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన ఒక ఉద్యోగ ప్రకటనను, జారీ చేసిన ఆఫీసు పేరు, తేదీ లేవని చెప్పి వాళ్ల అన్న డబ్బు కట్టకుండా ఆపింది. పరీక్షలో దీనికి మార్కులుండవు.

మారనిది యూనివర్సిటీ పరీక్ష. చివరి నెల రాగానే గైడ్లు మళ్లీ బల్లల మీదికి వచ్చాయి. అందులో పిల్లల తప్పు లేదు. ప్రశ్నపత్రం "రుద్రమదేవి ఘనతను వివరించుము" అని అడుగుతున్నంత కాలం గైడ్‌కు విలువ ఉంటుంది. చదువులో బాగా వెనకబడిన కొందరికి ఒక పేజీ కాగితం చదవడమే కష్టమైంది. వాళ్లకు పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించే జోడీ అవసరం. ఆ జోడీలను నేనే కుదిర్చాను, స్నేహితులను కలపకుండా.

సిలబస్ పూర్తి కాదేమో అన్న ప్రశ్న తోటివాళ్లు తప్పకుండా అడుగుతారు. యూనిట్‌లో పరిపాలన, నీటిపారుదల, వాస్తు భాగాలను నోట్స్‌గా ఇచ్చి త్వరగా ముగించాను. అన్నీ సమానంగా చెప్పాలని అనుకుంటే ఇది కుదరదు. ఒక రాణి మరణం గురించి నాలుగు కాగితాలు లోతుగా చదివినవాళ్లు మిగతా పాఠాలను తామే చదువుకోగలరు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు కొన్ని పనికొచ్చే సంగతులు. కాగితం ఒక పేజీ దాటకూడదు. వాక్యాలకు నంబర్లు తప్పనిసరి. ఒకే విషయం మీద ఒకదానితో ఒకటి పూర్తిగా కలవని రెండు కాగితాలు ఉండాలి, ఒక్క కాగితంతో విమర్శ పుట్టదు. మొదటిది పిల్లల ఇంటి నుంచి రావాలి. విద్యార్థి "ఇది తప్పు" అంటే ఎన్నో వాక్యం అని అడగాలి, "ఇది నిజం" అన్నా అదే అడగాలి. తెలుగు, రాజనీతి శాస్త్రం, వాణిజ్యం చెప్పేవాళ్లకూ ఇది పనికొస్తుంది. కామర్స్ వాళ్లకు కంపెనీ ప్రకటనలు, ఆడిట్ రిపోర్టులు ఉన్నాయి, సైన్స్ వాళ్లకు ఆరోగ్యం పేరుతో వచ్చే వార్తలు ఉన్నాయి.

ఈసారి ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రశ్నను మార్చాను. ఎప్పుడూ చూడని పది వాక్యాల భాగం ఇచ్చి, ఏ మూడు వాక్యాలకు బయట ఆధారం కావాలి, ఎలాంటి ఆధారం కావాలి అని అడుగుతాను. గైడ్‌లో జవాబు దొరకని ప్రశ్న ఇదొక్కటే. ఇలాంటి ప్రశ్న ఒకటి సెమిస్టర్ పేపర్‌లో కూడా ఉండాలని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు రాసి పంపుతున్నాం. మా పిల్లలు రాసిన కాగితాల్లో కొన్నింటిని, పేర్లు తీసేసి, దానికి జత చేస్తున్నాం.